జ్వరం చూసే గాజుపుల్ల

పాదరసం థర్మామీటరును వేడినీళ్లలో ముంచితే లోపలి గీత ముందు కిందికి దిగుతుందట! పైకి లేచేది ఆ తర్వాతే. ఇది తెలిసినప్పట్నుంచి నాకు కుదురు లేదు. కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నాను, ఇప్పుడు మీ వంతు.

వేడి ముందుగా తగిలేది గాజుకి. గాజు కూడా వ్యాకోచిస్తుంది కదా, బల్బు రవ్వంత పెద్దదవుతుంది. లోపల చోటు పెరగడంతో పాదరసం అందులోకి జారుతుంది. ఈలోగా వేడి లోపలికి చేరుతుంది. పాదరసం గాజు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి పోయిన ఎత్తు తెచ్చుకుని, దాన్నీ దాటి పైకి పోతుంది. అంటే మనం చదివే అంకె పాదరసం ఒక్కదానిదే కాదు. పాదరసం ఎంత పెరిగింది, గాజు ఎంత పెరిగింది, ఆ రెండింటి తేడా అది.

ఆ తేడా ఎంతో లెక్కేస్తే ఇంకా మతిపోతుంది. ఒక్క సెల్సియస్ డిగ్రీకి పాదరసం పెరిగేది పదివేలలో 1.8 వంతులు. గాజు పెరుగుదల తీసేస్తే సుమారు 1.6. బల్బులో 100 ఘన మిల్లీమీటర్ల పాదరసం ఉందనుకోండి, మహా అయితే రెండు నీటి చుక్కలంత. డిగ్రీకి అది పెరిగేది 0.016 ఘన మిల్లీమీటర్లు. ఏ కంటికి ఆనుతుంది? కానీ అది బయటపడటానికి ఉన్నది ఒకే దారి. ఆ దారి అడ్డుకొలత 0.05 మిల్లీమీటర్లే అనుకుంటే, అంటే సన్నని వెంట్రుకంత, పాదరసం అందులో ఏకంగా 8 మిల్లీమీటర్లు ఎక్కాలి! చెరువు బెత్తెడు పొంగినా ఆ నీళ్లన్నీ ఒకే పిల్లకాలువలో పడితే ఎంత దూరం పోతాయో, అలాగన్నమాట. బల్బు పెద్దది, దారి సన్నది. కిటుకంతా ఇంతే!

మరి వెంట్రుకంత గీత మనకెలా కనపడుతోంది? గొట్టం ముందువైపు గాజు వంపు తిరిగి ఉంటుంది, అదే భూతద్దం. అటూ ఇటూ తిప్పితే గానీ గీత దొరకనిది అందుకే.

పాదరసంతో నమ్మదగిన థర్మామీటరు చేసి చూపించినవాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన ఫారెన్‌హీట్, 1714లో. మన ఇళ్లలో ‘నూట రెండుంది’ అనే జ్వరం ఇప్పటికీ ఆయన డిగ్రీల్లోనే. పాదరసం బదులు నీళ్లు పోస్తే సరిపోదా అంటే, సరిపోదు. 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ వరకు నీరు వేడెక్కే కొద్దీ కుంచించుకుపోతుంది. 2 డిగ్రీల దగ్గరా 6 డిగ్రీల దగ్గరా దాదాపు ఒకే చోటు పట్టే ద్రవంతో ఏం కొలుస్తాం? పాదరసానికి ఆ పేచీ లేదు, గాజుకి అంటుకోదు, మైనస్ 38 దాకా గడ్డకట్టదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది నొక్కు. జ్వరం థర్మామీటరులో బల్బుకి కాస్త పైన గొట్టాన్ని ఇంకా ఇరుకు చేస్తారు. ఉబ్బే పాదరసం దాన్ని తోసుకుని పైకి పోతుంది. నోట్లోంచి తీయగానే చల్లబడి కుంచించుకుంటుంది, కానీ సరిగ్గా ఆ ఇరుకు దగ్గర పాదరసం తీగ తెగిపోతుంది. పై ముక్క ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. డాక్టరుగారు కిటికీ దగ్గరికెళ్లి తీరిగ్గా చదువుకోవచ్చు! చదివాక ఆయన దాన్ని టపటపా విదిలించేది తెగిన ముక్కను మళ్లీ బల్బులో కలపడానికే. మీట లేదు, స్ప్రింగు లేదు. గాజులో ఒక నొక్కు, అంతే. నన్నడిగితే ఇంత చవగ్గా ఇంత జ్ఞాపకశక్తిని ఇంకెవరూ తయారు చెయ్యలేదు.

1860ల దాకా ఈ పరికరం అడుగు పొడవుండేదట, జ్వరం చూడటానికి ఇరవై నిమిషాలు పట్టేదట. క్లిఫర్డ్ ఆల్‌బట్ అనే ఇంగ్లిష్ వైద్యుడు దాన్ని ఆరంగుళాలకు, ఐదు నిమిషాలకు దించాడు.

పాదరసం విషం కాబట్టి, దాని వాడకాన్ని కట్టడి చేసే 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం తర్వాత ఈ థర్మామీటర్లు ప్రపంచమంతా తెరమరుగవుతున్నాయి. న్యాయమే. పాతది ఇంట్లో ఉంటే జాగ్రత్త, పగిలితే చెదిరే పాదరసం పూసల్ని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

ఆ మొదటి దిగుడు చూడటానికి పాదరసమే అక్కర్లేదు. చిన్న గాజు సీసా నిండా రంగునీళ్లు పోయండి. మూతకు బెజ్జం చేసి, పాళీ తీసేసి కడిగిన ఖాళీ రీఫిల్ దూర్చి, చుట్టూ మైనంతో గాలి చొరకుండా మూయండి. నీళ్లు రీఫిల్‌లో సగం దాకా లేవాలి, సీసాలో గాలిబుడగ మిగలకూడదు. ఇప్పుడు సీసాను గోరువెచ్చన కన్నా కాస్త వేడి నీళ్లలో పెట్టండి. మరుగుతున్న నీళ్లు వద్దు, సీసా చిట్లుతుంది. పెట్టిన మొదటి రెండు మూడు క్షణాలు మాత్రం రీఫిల్ మీంచి చూపు తిప్పకండి.