ఝూలా నుంచి పాల్నా దాకా

మున్నా పుట్టిన 7వ రోజు జనగామలో అమ్మీ ఇంట్లో అఖీఖా అయింది. మహబూబాబాద్ నుంచి వచ్చిన నానీ తన పాత చీరతో ఝూలా కట్టింది. 4వ నెలలో వాడు బోర్లా పడుతుంటే, ముఖం బట్టకి ఆనుకుని ఊపిరాడదేమోనని నాకు ఒకటే ఫికర్. "మీ అమ్మీ ఇందులోనే పెరిగిందే" అని నానీ నారాజ్ అయింది.

మా ఆయన సింగరేణి నౌకరీ ఉన్న భూపాలపల్లికి వచ్చాక, చెక్క పాల్నా చేయించాం. కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటనివ్వలేదు. గట్టి పరుపు వేశాం, తకియా పెట్టలేదు. వాడు కూర్చోవడం మొదలెట్టగానే పరుపు కింది పలకని ఒక మెట్టు దించాం.

ఒక రోజు ఫజర్ నమాజులో సలాం ఇచ్చి చూస్తే, పై కడ్డీ పట్టుకుని నిలబడి బయటికి వంగుతున్నాడు! యా అల్లా! ఆ పొద్దే పలకని అట్టడుగుకి దించాం.

ఫోన్‌లో చెబితే నానీ కాసేపు మాట్లాడలేదు. "మీ మామూ ఝూలాలోంచి పడ్డాడు బేటీ. అప్పట్నుంచే నేను కింద బొంత పరిచేదాన్ని."