చాటలో మేత

చాటలో నూకలు, జొన్నలు, కాస్త తవుడు, నలగ్గొట్టిన వేరుశనగ చెక్క. నాలుగు కోళ్ల కోసం ఇంత కలపడం అవసరమా అని కలిపినప్పుడల్లా అనిపిస్తుంది. బజారులో బస్తా మేత దొరుకుతుంది. రసాయన ఎరువులూ పురుగుమందులూ తగలని గింజే కావాలంటే ఖర్చు బస్తా ధరను దాటిపోతుంది.

మా అమ్మమ్మ ఏ లెక్కా వేసేది కాదు. పాత కుండలో పేడ, తడిపిన గడ్డి కూరి, సాయంత్రం పుట్ట పక్కన బోర్లించేది. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. విదిలిస్తే కోడిపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏరుకునేవి. తల్లికోడి మాత్రం తను ముట్టకుండా, కొక్కొక్కోమని వాటినే పిలుస్తూ నిలబడేది.

ఆ నాటుకోళ్లు పెట్టే గుడ్లు తక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన గ్రామప్రియ రకం కోడి అంతకు రెట్టింపుకు మించి పెడుతుంది. అలా పెట్టే కోడి మేతలో మాంసకృత్తులు 16 శాతం, కాల్షియం 3.5 శాతం దాకా ఉండాలి. ఉత్త నూకలతో అది రాదు. కాల్షియం చాలకపోతే కోడి తన ఎముకల్లోంచే తీసి గుడ్డుకు పెంకు కడుతుంది. ఈ సంగతి తెలిశాక చాట బరువెక్కింది. మన మంచి ఉద్దేశానికి కోడి ఎముకలు మూల్యం చెల్లిస్తుంటే, అది ప్రేమ ఎలా అవుతుంది?

పెరడూ, పెంటకుప్పా, పురుగూ పుట్రా ఉన్నవాళ్లు మేత ఇంట్లోనే కలుపుకోండి. ఆలిచిప్పలు దంచి విడిగా మూకుట్లో పెట్టండి. బూజు పట్టిన చెక్క పారెయ్యండి. కోళ్లను గూట్లోనే ఉంచేవాళ్లు మాత్రం బస్తా మేతే కొనండి.