చెయ్యి గద్ద కాదు

పేరులో పంది ఉన్నా, గినీ పంది ఎలుక కుటుంబానికి దగ్గరిది. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అలాంటివి రెండు మా భావనపాడు ఇంటికొచ్చాయి. చెల్లి ముద్దుగా చెయ్యి చాపితే చాలు, బిగుసుకుపోయేవి. మేత ముట్టలేదు. "ఇవి బతకవేమోరా" అంది అమ్మమ్మ.

ఎండుచేపల మీదకి గద్దలు దిగడం రోజూ చూసే ఊరు మాది. పైనుంచి వచ్చే చెయ్యి కూడా వాటికి గద్దే.

అందుకే గూడు పక్కన నేల మీద కూర్చుని, కొత్తిమీర అందిస్తూ ఊరుకున్నాం. ఐదో రోజు ఒకటి వచ్చి కాడ లాక్కుంది! తర్వాత చెల్లి ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టి ఒళ్లోకి తీసుకుంది. గింజుకోగానే దింపేసింది.

మచ్చికంటే గట్టిగా పట్టుకోవడం కాదు ఫ్రెండ్స్. వెళ్లిపోనిస్తామని నమ్మితేనే దగ్గరికొస్తాయి.