బీరువాలోని మంచి దుప్పటి

తామరతో ఎవరొచ్చినా మందులచీటీ రాసే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో ఎంతమంది, తువ్వాళ్లు ఎన్ని?" ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కాకినాడలాంటి సముద్రపు ఊళ్లో, ఏడాదిలో చాలా నెలలు తేమ ఒంటికి అంటుకునే ఉండే చోట, ఆ జవాబు వింటే జబ్బు ఎందుకు తిరగబెడుతోందో సగం తెలిసిపోతుంది.

ఒక కుటుంబం వచ్చింది. ఆయనకు గజ్జల్లో, నడుం చుట్టూ తామర. ఆవిడకు నడుం మడతల్లో. పదో తరగతి చదువుతున్న అమ్మాయికి మెడ మీద. ఏడాదిగా మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబులే రాసుకుంటున్నారు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే దురద తగ్గుతుంది, ఎరుపు చల్లబడుతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. గత పదేళ్లుగా దేశమంతటా చర్మ వైద్యుల్ని వేధిస్తున్న మొండి తామర ఇదే. అందులో ఒక రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. ఒకప్పుడు రెండు వారాల్లో లొంగిన జబ్బుకు ఇప్పుడు నెలల తరబడి మందు వేయాల్సి వస్తోంది. అంతకాలం మింగిన మందు ఒక తడి తువ్వాలు వల్ల వృథా అయిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

"తువ్వాళ్లకేం డాక్టరుగారూ, గృహప్రవేశానికి వచ్చినవే డజను దాకా ఉన్నాయి. చుట్టాలొస్తే ఇద్దామని బీరువాలో పెట్టాను," అంది ఆవిడ.

ముగ్గురూ తుడుచుకునేది ఒక్కదానితోనే. దాన్ని తీసుకురమ్మన్నాను. మర్నాడు కవర్లో పెట్టి తెచ్చింది. లావుపాటి టర్కీ తువ్వాలు, ఖరీదైనదే. మడత విప్పితే మధ్యలో ఇంకా చల్లగా తడి తగిలింది. ముక్కవాసన వస్తోంది. అంచు పట్టీ పక్కన పోగులు సబ్బు జిడ్డుతో అట్టకట్టి ఉన్నాయి. బాత్రూము తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తారట. గాలి లేదు, ఎండ లేదు. ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి?

తువ్వాలు నాణ్యత గురించి మనలో పాతుకుపోయిన అపోహ ఇక్కడే ఉంది. లావుగా ఉంటే మంచిదనుకుంటాం. తువ్వాళ్ల మీద జీఎస్ఎం అని ఒక అంకె వేస్తారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. 300-400 ఉంటే పల్చన, 600 దాటితే పెద్ద హోటళ్లలో ఇచ్చే రకం. ఆ హోటళ్లలో ఆరబెట్టే యంత్రాలుంటాయి, రోజూ ఉతికే మనుషులుంటారు. మనకున్నది బాల్కనీలో దండెం, వానాకాలంలో అదీ లేదు. మన ఇళ్లకు 400 అటూ ఇటూ చాలు. షోలాపూర్ టర్కీ తువ్వాళ్లలోనే ఈ మధ్యరకం కావలసినన్ని దొరుకుతాయి. అసలు నన్నడిగితే, తాతల కాలం నాటి పల్చటి నూలు తుండుగుడ్డను మించింది లేదు. ఉదయం తడిస్తే మధ్యాహ్నానికి కరకరలాడుతూ ఆరుతుంది, వేడినీళ్లలో ఎన్నిసార్లు వేసినా భయపడదు.

షాపులో ముట్టుకోగానే దూదిలా తగిలితే కొనేయకండి. ఆ మెత్తదనం చాలాసార్లు పైన పూసిన పూతదే. ఇంటికొచ్చాక కొత్త తువ్వాలు మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. గుండ్రంగా నిలబడి జారిపోతే పూత ఉన్నట్టు. రెండు మూడు ఉతుకులయ్యాక అదే చుక్క పడీ పడగానే ఇంకిపోవాలి. అప్పటికీ ఇంకకపోతే అది తువ్వాలుగా పనికిరాదు. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం పోసే ద్రవాలు కూడా ఇలాంటి పూతే పూస్తాయి, వాటిని తువ్వాళ్లకు వాడొద్దు.

ఆ కుటుంబం బీరువా తెరిచింది. మనిషికి రెండేసి తువ్వాళ్లు, ఎవరివి వాళ్లకే. ఉతికేటప్పుడు అరవై డిగ్రీల వేడినీళ్లు, ఆపైన ఎండ. మందు మామూలుగానే వాడారు, ఈసారి మధ్యలో ఆపలేదు. ముగ్గురికీ ఒకేసారి తగ్గింది. మందుతోపాటు తువ్వాళ్లకూ ఆ ఘనత దక్కాలి.

దుప్పట్ల సంగతి వేరు. విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన వీపు మీద, మోచేతుల వెనక, మెడ మీద దద్దురుతో వచ్చారు. రాత్రి మొదలై తెల్లవారేసరికి రేగుతుంది, పగలు కాస్త తెరిపినిస్తుంది. తిండి మార్చారు, సబ్బు మార్చారు. పరుపుకు ఆనే చోటల్లా దద్దురు ఉండటం చూసి పక్క మీద ఏం వేస్తున్నారని అడిగాను. డల్లాస్‌లో ఉండే కొడుకు తెచ్చిన దుప్పటి, ఇస్త్రీ అక్కర్లేదు, ముడత పడదు అన్నారు సంతోషంగా. నూలుకు ముడతలు పడకుండా చేయడానికి ఫార్మాల్డిహైడ్ చేరిన రెజిన్లు వాడటం పాత పద్ధతే. కొందరి ఒంటికి అవి పడవు. ప్యాచ్ టెస్టు చేస్తే అదే తేలింది. ఆ దుప్పటి తీసేసి ఇంట్లో ఉన్న పాత నూలు దుప్పటి వేయించాను. మూడు వారాల్లో చర్మం తేటపడింది. కొత్త దుప్పటి ఏదైనా ఒకసారి ఉతక్కుండా పరవొద్దని అందరికీ చెబుతాను. ఆయనకైతే ముడతలు పడే దుప్పట్లే కొనుక్కోమన్నాను.

దుప్పట్ల పెట్టెల మీద థ్రెడ్ కౌంట్ అని గొప్పగా వేస్తారు. చదరపు అంగుళంలో నిలువు పోగులు, అడ్డపోగులు కలిపి ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క. 200 నుంచి 400 వరకు ఉంటే చక్కగా సరిపోతుంది. వెయ్యి అని రాసి ఉంటే, చాలావరకు ఒక్కో పోగులో పేనిన పాయలన్నింటినీ విడివిడిగా లెక్కేసి ఉంటారు. మెరిసే సాటిన్ నేత నున్నగా ఉంటుంది, కానీ కాస్త వెచ్చన. మన ఉక్కపోతకు ఒక పోగు పైన, ఒక పోగు కింద నేసిన సాదా నేతే హాయి. నూలో కాదో అనుమానమైతే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. చేనేతలో కొనాలంటే ఆప్కో షాపుల్లో చూడొచ్చు. 2006 నుంచి చేనేత గుడ్డలకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, ఆ గుర్తు కోసం వెతకండి.

గజ్జి విషయంలో గుడ్డ రకం కన్నా ఉతుకే ముఖ్యం. ఆ పురుగు ఒంటి మీద నుంచి దిగాక రెండు మూడు రోజులకు మించి బతకదు. హాస్టల్లో పిల్లలకు గజ్జి వస్తే, మందు రాసే రోజునే, గత మూడు రోజులు వాడిన దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉడకాలి. ఉతకలేని రగ్గును ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెడితే చాలు.

అన్నిటికంటే నన్ను కలచివేసింది మంచం పట్టిన ఒక పెద్దావిడ కేసు. పక్షవాతం. వీపంతా దద్దురు అంటే ఇంటికే వెళ్లి చూశాను. పరుపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రబ్బరు షీటు, దాని మీద నిగనిగలాడే పూల పాలిస్టర్ దుప్పటి. ఒత్తిగిలిస్తే వీపు నిండా చెమటకాయలు, దుప్పటి ముడతలు చర్మం మీద గీతల్లా అచ్చుపడి ఉన్నాయి. నడుం కింది ఎముక దగ్గర ఎర్రగా ఉంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదు. పడకపుండుకు అది తొలి మెట్టు.

కోడలు ఏ లోటూ చేయడం లేదు. స్నానం, తిండి, మందులు, అన్నీ వేళకు. "పాత మెత్తటి గుడ్డలు లేవా అమ్మా?" అంటే తల దించుకుంది. "ఎందుకు లేవండీ, మామయ్యగారి పంచెలు అరడజను ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు, అత్తగారిని పాతగుడ్డ మీద పడుకోబెట్టిందంటారని..."

ఆవిడ మనసులో భయం అర్థమైంది. ఆ సాయంత్రం పెద్దావిడ కొడుకును కూడా కూర్చోబెట్టి చెప్పాను. రబ్బరు షీటు నడుం కింద మాత్రమే, దాని మీద రెండు మడతలేసిన పంచె, ముడత లేకుండా లాగి పరుపు కిందికి దోపాలి. తడిస్తే వెంటనే మార్చాలి. ప్రతి రెండు గంటలకూ ఒత్తిగిలించాలి, పైకి జరపాలంటే ఈడ్చకుండా ఇద్దరూ చెరో పక్క గుడ్డ పట్టుకుని ఎత్తాలి. తుడిచేటప్పుడు రుద్దొద్దు, అద్దాలి. చెమటకాయలు వారంలో పోయాయి. ఎరుపు తగ్గడానికి మరికొన్నాళ్లు పట్టింది, పుండు మాత్రం కాలేదు. పంచెలు చాలకపోతే ఏం కొనమంటారని కోడలు ఫోన్ చేసింది. గంజి లేని తెల్ల నూలుగుడ్డ మీటర్ల లెక్కన తీసుకుని, మధ్యలో అతుకు లేకుండా అంచులు మాత్రం కుట్టించమన్నాను. ఆరు ముక్కలుంటే వానాకాలంలో కూడా సరిపోతాయి.