చిక్కడపల్లి చిరాకులు... చిరునవ్వులు

పొద్దున నీళ్ల మోటారు గొడవ. పగలు బండ్ల గొడవ. రాత్రి సెకండ్ షో హారన్ల గొడవ. అయినా ఇక్కడ ఒకసారి కాపురం పెట్టినవాళ్లు అంత తేలిగ్గా ఇల్లు మారరు. హైదరాబాద్ నడిబొడ్డున చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో ఒక్క రోజు తిరిగితే ఎందుకో తెలుస్తుంది.

తెల్లవారుజామున ఐదు గంటలు. గుడి వైపు నుంచి సుప్రభాతం సన్నగా వినిపిస్తుంటుంది. పాలబ్బాయి గేట్లకు వేలాడే సంచుల్లో ప్యాకెట్లు జారవిడుస్తూ పోతుంటాడు. ఇంతలో ఎక్కడో 'గుర్ర్...' మని ఒక మోటారు మొదలవుతుంది. అంతే! గల్లీ మొత్తానికి మెలకువ వచ్చేస్తుంది. ఎందుకంటే ఇవాళ నల్లా వచ్చే రోజు.

హైదరాబాద్‌లోని చాలా బస్తీల్లో లాగే ఇక్కడా మంచినీళ్లు రోజు విడిచి రోజే. ఉండేది కూడా కాసేపే. ఆలోపే సంపు నిండాలి, బిందెలు నిండాలి, వంటింట్లో స్టీలు డ్రమ్ము నిండాలి. నగరానికి కృష్ణా నీళ్లు 2004 నుంచి, గోదావరి నీళ్లు 2015 నుంచి వస్తున్నాయి. వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణం చేసొచ్చిన నీళ్లకు అసలు కష్టమంతా ఆఖరి పది గజాల్లోనే! ఎవరో ఒకరు ఏకంగా నల్లా పైపుకే మోటారు బిగిస్తారు. వాళ్ల సంపు గలగలా నిండుతుంది. పక్కింటి నల్లాలోంచి గాలి మాత్రం బుస్సుమని వస్తుంది.

"ఏంది వదినా, మొత్తం మీరే గుంజుకుంటున్నరు? మా నల్లాల చుక్క వస్తలేదు!"

"ఇప్పుడే వేశామండీ. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి, ఆపేస్తాం."

ఒకరిది జనగామ యాస, మరొకరిది తెనాలి మాట. మధ్యలో నాలుగడుగుల ప్రహరీ గోడ. ఇలా మోటార్లు పెట్టి లాగడం తప్పని అందరికీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఇంటింటికీ తనిఖీలు మొదలుపెట్టి, దొరికితే 5,000 రూపాయల జరిమానా అని కూడా చెప్పింది. భయం ఉన్నన్నాళ్లు మోటార్లు నోరు మూసుకుంటాయి. తరవాత మళ్లీ మామూలే. అయినా పక్కింటి మోటారు మీద ఫిర్యాదు చేయడానికి మనసొప్పదు. ఊరెళ్లినప్పుడు ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్లేది ఆ ఇంట్లోనే మరి!

చెత్త బండి వచ్చిందహో...

ఏడు దాటితే రెండో పరుగు. చెత్త ఆటో పాట పెట్టుకుని మలుపు తిరుగుతుంది. చిత్రమేమిటంటే, అది ఎన్నడూ మనకు వీలైనప్పుడు రాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడో, తలకు నూనె రాసుకున్నప్పుడో, స్నానాల గదిలో ఉన్నప్పుడో వస్తుంది. బండి కోసం ఎదురుచూస్తూ గేటు దగ్గర నిలబడిన రోజున మాత్రం అసలు రానే రాదు.

ఈ ఆటోలు 2015లో నగరంలోకి వచ్చాయి. ఆ ఏడాదే తడి చెత్తకు, పొడి చెత్తకు వేరువేరుగా ఇంటికి రెండేసి డబ్బాలు కూడా పంచారు. కొత్త మోజులో చెత్తను శ్రద్ధగా విడదీసినవాళ్లు ఉన్నారు. 'ఇంత మంచి డబ్బాలో చెత్తా?' అని నీళ్లు పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, ఉదయం పూట గేటు బయట పెట్టిన డబ్బాను చూస్తే చాలు. ఇంటివాళ్లు లోపలున్నా, లేకపోయినా పక్కింటామె దాన్ని ఆటోలో గుమ్మరించి తిరిగి పెట్టేస్తుంది. పెట్టేటప్పుడు మాత్రం ఒక మాట అంటుంది. "మీ ఇంట్లో నిన్న చేపల పులుసా?"

గుట్టు దాగదు. అదొక చిరాకు. మరి గిన్నెడు పులుసు గోడ దాటకపోతే అది అంతకన్నా పెద్ద నేరం. రామ్‌నగర్ చేపల మార్కెట్ ఇక్కడికి దగ్గరే. మృగశిర కార్తె రోజున అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఆ సాయంత్రం ఏ గల్లీలో నడిచినా ఒకటే వాసన.

బ్యాచిలర్లకు లేదు!

అశోక్‌నగర్‌లో గోడలు చదవడం ఒక కాలక్షేపం. గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్... ఏ స్తంభం చూసినా కోచింగ్ కాగితాలే. వాటి పక్కనే 'టు-లెట్' బోర్డు. దాని కిందే చిన్న అక్షరాలతో 'ఫ్యామిలీకి మాత్రమే' అని. నగర కేంద్ర గ్రంథాలయం ఈ పేటలోనే ఉండటంతో జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లలు ఏళ్లుగా ఇక్కడే గదులు తీసుకుంటున్నారు. పొద్దున్నే గ్రంథాలయం గేటు ముందు పుస్తకాల సంచులతో వాళ్ల వరస కనిపిస్తుంది. ఆవరణలో చెట్టు నీడ దొరికినా చాలు, అదే వాళ్ల బల్ల, అదే కుర్చీ.

ఇంటివాళ్లకు వీళ్లతో పేచీలు తక్కువేం కాదు. మెట్ల కింద ఒక బైకు పెట్టుకోమంటే నాలుగు ఉంటాయి. ముగ్గురని గదిలో దిగినవాళ్లు పరీక్షలు దగ్గరపడేసరికి ఆరుగురవుతారు. అర్ధరాత్రి డాబా మీద పచార్లు చేస్తూ రాజ్యాంగం అధికరణలు బిగ్గరగా వల్లిస్తుంటారు. కింద ఇంటాయనకు నిద్ర ఉండదు. పోనుపోను ఆయనకూ కొన్ని అధికరణలు నోటికి వచ్చేస్తాయి!

కానీ పరీక్ష వాయిదా పడిందంటే, ముందు దిగులు పడేది ఆ ఇంటామే. 2022లో వచ్చిన గ్రూప్-1 ప్రకటన కింద ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. అన్నాళ్లూ ఊరి నుంచి డబ్బు తెప్పించుకోలేక, వెనక్కి పోలేక నలిగిపోయిన పిల్లలకు ఈ గల్లీలే దిక్కయ్యాయి. 'అద్దె వచ్చే నెల ఇస్తాం ఆంటీ' అంటే మొహం మాడ్చుకునే ఆంటీయే, పండగ పూట ఊరెళ్లకుండా గదిలో ఉండిపోయిన పిల్లాడికి పులిహోర పంపుతుంది. ఉద్యోగం వచ్చి ఖాళీ చేసి వెళ్లే రోజున స్వీటు డబ్బాతో ఆమె కాళ్లకు దండం పెట్టేదీ ఆ పిల్లాడే. గదికి మళ్లీ 'ఫ్యామిలీకి మాత్రమే' బోర్డు పడుతుంది. వారం తిరక్కుండానే మరో ముగ్గురు బ్యాచిలర్లు దిగుతారు.

శుక్రవారం వచ్చిందంటే...

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పేరు వినని తెలుగు సినిమా అభిమాని ఉండడు. సంధ్య, దేవి, సుదర్శన్... ఈ థియేటర్ల ముందు కటౌట్ లేస్తే పేటకు పండగ. గల్లీలకు మాత్రం పరీక్ష. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున ఇంటి గేటు తెరవాలంటే ముందు అడ్డంగా పెట్టిన రెండు బైకులు జరపాలి. పాలాభిషేకాలు, బాణసంచా, డప్పులు. ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు ఉంటే ఇక ఆ ఇంటివాళ్ల తిప్పలు చెప్పక్కర్లేదు.

చిరాకు ఏ క్షణాన ప్రాణం మీదికి వస్తుందో కూడా ఈ కూడలి చూసింది. 2024 డిసెంబరు 4 రాత్రి ఒక ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. కుటుంబమంతా కలిసి సినిమా చూద్దామని వచ్చినవాళ్లు. అంత జనం మధ్య చిన్నపిల్లలతో చిక్కుకుపోతే పిలిచినా వినిపించుకునే మనిషి ఉండడు. గల్లీ గొడవకీ గుంపు గొడవకీ తేడా అదే. గల్లీలో అరుపు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

ఇదే కూడలి ఇప్పుడు మూడంతస్తులైంది. కింద రోడ్డు. దానిపైన 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో. దానికీ పైన ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన. మెట్రో కట్టినన్నాళ్లూ దుమ్ము తిన్న దుకాణాలవాళ్లు ఇప్పుడు రెండు రకాలుగా మాట్లాడతారు. 'పిల్లలు సికింద్రాబాద్ వెళ్లి రావడం తేలికైంది' అన్నది సంతోషం. 'బండ్లన్నీ నెత్తి మీద నుంచే పోతున్నాయి, ఆగి టీ తాగేవాడేడీ?' అన్నది చింత. అయినా టీ కొట్ల దగ్గర వన్ బై టూ చెప్పి గంటసేపు నిలబడేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు.

సాయంత్రం సభ

సాయంత్రం ఆరైతే త్యాగరాయ గానసభ వైపు నడక మొదలవుతుంది. కచేరీ, నాటకం, పుస్తకావిష్కరణ, సన్మానం... ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. చాలా కార్యక్రమాలకు టిక్కెట్టు అక్కర్లేదు. అందుకే ముందు వరసల్లో రిటైరైన పెద్దలు, చివరి వరసల్లో చదివి చదివి అలిసిన కుర్రాళ్లు. సభ ఎప్పుడూ చెప్పిన సమయానికి మొదలవదు. మొదలైతే ముఖ్య అతిథి ప్రసంగం ఎప్పుడూ చెప్పిన సమయానికి ముగియదు. పెద్దలు గొణుక్కుంటారు. మర్నాడు మళ్లీ అదే కుర్చీలో కనిపిస్తారు. నాలుగు రోజులు వరసగా రాకపోతే మాత్రం, 'ఆయనకు ఒంట్లో బాగుందో లేదో' అని పక్క కుర్చీ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళతారు.

నాలా పొంగిన రాత్రి

ఈ పేటలో చిన్న చిన్న చిరాకుల వెనక ఒక పెద్ద భయం ఉంది. 1560ల్లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ నిండితే, మిగులు నీళ్లు మూసీకి వెళ్లే నాలా అశోక్‌నగర్, దోమలగూడల మీదుగానే పోతుంది. మామూలు రోజుల్లో వాసన, దోమలు. వాన గట్టిగా పడితే నాలా పక్క ఇళ్లవాళ్లకు కంటి మీద కునుకుండదు. 2000 ఆగస్టు వానలను పాతవాళ్లు ఇంకా మర్చిపోలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కొత్తవాళ్లకూ ఆ పాఠం తెలిసింది. సంపుల్లో మురుగు కలిసింది. నేల మీద పరుపులు, బియ్యం సంచులు తడిసిపోయాయి. కరెంటు పోయింది.

అలాంటి రాత్రి సహాయం ఎక్కడి నుంచో బయలుదేరి వచ్చేలోగా మెట్ల మీంచి దిగొచ్చేది పై అంతస్తువాళ్లే. ఫ్రిజ్ ఎత్తడానికి ఇద్దరు కావాలంటే, మెట్ల కింద నాలుగు బైకులు పెట్టిన కుర్రాళ్లే గుర్తొస్తారు. ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసేదీ వాళ్లే. ఏ ఇంట్లో పసిపిల్ల ఉందో, ఎవరికి ఇన్సులిన్ చల్లగా ఉంచాలో, ఎవరు చీకట్లో మెట్లు ఎక్కలేరో గల్లీకి తెలుసు. ఎలా తెలుసంటే... రోజూ గోడ మీంచి తొంగి చూసి, 'మీ ఇంట్లో నిన్న ఏమిటీ?' అని అడగబట్టే తెలుసు. గుట్టు దాగని చోట కష్టం కూడా దాగదు.

పాత పెంకుటిళ్లు, డాబాలు ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతున్నాయి. గేటుకు కెమెరా, తలుపుకు గంట, సెల్లారులో గీతలు గీసిన పార్కింగు. చెత్త డబ్బా కోసం ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. హాయిగానే ఉంటుంది. కాకపోతే అక్కడికి మారినవాళ్లు మొదట అడిగే మాట ఒకటే. "ఎదురు ఫ్లాటులో ఎవరుంటారండీ?" జవాబు తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది.

రాత్రి పన్నెండు దాటింది. సెకండ్ షో వదిలిన హారన్లు సద్దుమణిగాయి. డాబా మీద ఎవరో ఇంకా అధికరణలు వల్లిస్తూనే ఉన్నారు. పొద్దున మోటారు దగ్గర మాటామాటా అనుకున్న రెండిళ్లలోనూ దీపాలు ఆరిపోయాయి. రేపు నల్లా రాదు కాబట్టి గొడవ లేదు. ఎల్లుండి తెల్లవారుజామున ఆ ఇద్దరిలో ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్లు గోడ మీద దబదబా చరుస్తారు.

"వదినా, లేవండి. నీళ్లొచ్చినయ్!"