లస్కరు గారి సైకిల్

మా నాన్న సైకిల్‌కి బ్రేకు హ్యాండిల్ దగ్గర ఉంటుంది. తెలియని సంగతేం కాదు, దాని మీదే కదా తొక్కడం నేర్చుకున్నాను. కానీ పదహారేళ్ళుగా నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఉంటున్నాను. అక్కడి నా సైకిల్ ఆగాలంటే పెడల్‌ని వెనక్కి తొక్కాలి. నాకు గుర్తున్నా నా కాళ్ళకి గుర్తుండొద్దూ! సంక్రాంతికి ఇంటికెళ్ళిన మర్నాడు పొద్దున్నే సైకిల్ తీసి, గట్టు దిగుతూ, మలుపు దగ్గర శుభ్రంగా వెనక్కి తొక్కాను. పెడల్ గిర్రున ఉత్తినే తిరిగింది. సైకిలూ నేనూ కలిసి వెళ్ళి ఎవరిదో గడ్డిమేటులో ఆగాం.

పేడ ఎత్తుతున్న పెద్దమ్మ తట్ట దించి, లేవదీసే ముందు నా మొహం పరీక్షగా చూసింది.

“లస్కరు గారమ్మాయివి కదూ? కారు లేదా అమ్మా మీకక్కడ?”

“లేదు పెద్దమ్మా. అక్కడ అందరూ సైకిలే తొక్కుతారు.”

“అయ్యో,” అంది నిజంగానే బాధపడుతూ. “మరి అంత దూరం వెళ్ళి ఏం బావుకున్నట్టు!”

జవాబు తోచలేదు. బట్టలకంటిన గడ్డి దులుపుకుని మళ్ళీ ఎక్కాను. ఎక్కి, అలవాటుగా కుడివైపుకి పోయాను. ఎదురుగా వస్తున్న పాలబ్బాయి తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

మా ఊరు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలువ పక్కన. నాన్న ఇరిగేషన్ శాఖలో లస్కరుగా చేశారు. ఏమంత పెద్ద ఉద్యోగం కాదు. తనకప్పగించిన కాలువ ముక్క పొడుగునా తిరుగుతూ గట్టుకి గండి పడకుండా, తూము తలుపు రాత్రిపూట ఎవరూ ఎత్తకుండా, గుర్రపుడెక్క పేరుకుపోకుండా కాచుకోవాలి. దాళ్వా పంటకి వంతులవారీ నీళ్ళిచ్చే రోజుల్లో ఆయన ఇంట్లో అన్నం తిన్నది తక్కువ. గోదావరి మీద ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన కాటన్ దొర విగ్రహాలు మా వైపు చాలా ఊళ్ళలో ఉంటాయి, కొన్నిచోట్ల గుర్రం మీద. నాన్న ఆ గుర్రం గురించి ఒక మాట అనేవారు: “దొర గుర్రం మీద తిరిగాడు, మేం సైకిల్ మీద తిరిగాం, ఏఈ గారు జీపులో తిరుగుతున్నారు. నీళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పల్లానికే పోతున్నాయి.”

డెల్ఫ్ట్ వెళ్ళిన కొత్తలో పరాయి దేశమన్న బెంగ నాకు కలగకపోవడానికి కారణం ఈ నీళ్ళే. చూసిన చోటల్లా కాలువ, కాలువ పక్కన గట్టు, గట్టు మీద దారి, దారికి అటువైపు కాలువకన్నా పల్లంలో చేలు. అదీ డెల్టాయే. మనది గోదావరి తెచ్చిపోసిన మట్టి, వాళ్ళది రైను నదీ మ్యూజు నదీ తెచ్చిపోసినది. ఊరి నడిమధ్య పాత కాలువ ఒడ్డున ఒక రాతి భవనం ఉంది, అక్కడి నీటి సంఘం వారిది. చుట్టుపక్కల గట్లూ పంపులూ కాలువలూ వాళ్ళ పూచీ. ఆ సంఘం 1289 నాటిది. 1289 అంటే రుద్రమదేవి మరణించిందని మన చందుపట్ల శాసనం చెప్పిన ఏడు. ఇవాళ్టికీ ఆ సంఘానికి నాలుగేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయి. ఒకరోజు గట్టు మీద సైకిల్ ఆపి, నీళ్ళలోకి వంగి ఏదో చూసి పుస్తకంలో రాసుకుంటున్న మనిషిని చూశాను. ఎర్రటి మొహం, ఆరడుగుల పొడుగు. అయినా అచ్చం మా నాన్నే.

సైకిళ్ళు కూడా చుట్టాలే. అక్కడ నేను కొన్న మొదటి సైకిల్ రకాన్ని ఓమాఫీట్స్ అంటారు. ఓమా అంటే అమ్మమ్మో నాయనమ్మో, ఫీట్స్ అంటే సైకిల్. నల్లగా, నిటారుగా, చైను మొత్తానికి డబ్బా కప్పి, వెనక బస్తా మోసేంత క్యారేజీతో షాపులో నిలబడి ఉంటే నాకు నవ్వాగలేదు. మధ్య కడ్డీ తీసేసిన లస్కరు గారి సైకిలే అది. తర్వాత తెలిసింది, రెండూ ఇంగ్లండులో పుట్టిన పాత రోడ్‌స్టర్ సంతానమని. ఒక మనవడు లూధియానా, సోనీపట్‌ల మీదుగా మా గట్టుకొచ్చాడు, మనవరాలు డచ్చి దేశంలో కాపురం పెట్టింది. టైరు కొలత కూడా రెండింటికీ అదే, 28కి ఒకటిన్నర. గాలి కొట్టే వాల్వు కూడా అదే రకం. అక్కడి పంపుతో ఇక్కడ గాలి కొట్టొచ్చు.

ఈసారి వెళ్ళేసరికి నాన్న సైకిల్ పశువుల కొట్టంలో, చిరిగిన పరదా కింద ఉంది. ఆయనకి ఎనభై రెండు. మోకాళ్ళు పనిచేయక ఎక్కడం మానేసి ఆరేళ్ళు. మర్నాటి గడ్డిమేటు భాగోతం తర్వాత దాన్ని నడిపించుకుంటూ రోడ్డు మీది షాపుకి తీసుకెళ్ళాను. నా చిన్నప్పుడు అక్కడ అద్దె సైకిళ్ళు వరసగా ఉండేవి. గంటకింతని పుస్తకంలో టైము రాసి ఇచ్చేవాడు బాబాయ్. ఇప్పుడు మోటారు సైకిళ్ళ ట్యూబులెస్ పంక్చర్లు వేస్తున్నాడు, పైన పిల్లల గేర్ల సైకిళ్ళు రెండు వేలాడుతున్నాయి.

“ఓవరాయిలింగ్ చెయ్యాలి బాబాయ్.”

ఆ మాట విని ఎంత కాలమైందో, చేతిలో పానా పక్కనపెట్టి మరీ నవ్వాడు. చక్రాలు విప్పి, బాల్స్ కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, వెనక చక్రం ఔట్ తీసి, డైనమో తీగ మార్చి, మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. చైను డబ్బాకి మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాడు. “దొరకదమ్మా. అట్లాస్ మూతపడిపోయింది కదా.” నిజమే. 1951లో సోనీపట్‌లో మొదలైన ఆ కంపెనీ చివరి ఫ్యాక్టరీ, సాహిబాబాద్‌లోది, 2020 జూన్ 3న ఆగిపోయింది. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. కథలో రాస్తే అతి చేశావంటారు.

తర్వాత నాలుగు రోజులూ పొద్దుటి పూట దాని మీదే తిరిగాను. మా ఊరి నుంచి లాకుల దాకా మూడు కిలోమీటర్లు. మొదటి రోజు గంటంబావు పట్టింది. తొక్కలేక కాదు, ఆపేవాళ్ళు ఎక్కువై. ఒక కుర్రాడు మోటారు సైకిల్ నెమ్మది చేసి, “బండి పాడైందా అక్కా, దింపనా?” అన్నాడు. టీ బడ్డీ దగ్గర కూర్చున్న ఆయన ఇంకొంచెం లోతుకి వెళ్ళి, “డాక్టరు గారు తొక్కమన్నారాండీ? సుగర్ ఎంతుందేంటి?” అన్నాడు. మా ఊళ్ళో యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషి సైకిల్ ఎక్కిందంటే రెండే కారణాలు, లేమి గానీ సుగర్ గానీ. మూడోది మా తమ్ముడి కొడుకు కనిపెట్టాడు: “అత్తా, పార్టీలో చేరావా?” 1982లో పుట్టిన సైకిల్ గుర్తు పార్టీ పుణ్యమా అని ఆంధ్రదేశంలో సైకిల్‌కి ఎగరడానికి జెండా ఉంది, నడవడానికే చోటు తగ్గింది. ఆ గుర్తుకి ఓటేసేవాళ్ళూ వెయ్యనివాళ్ళూ కూడా మోటారు సైకిళ్ళ మీదే వెళ్తారు. నెదర్లాండ్స్‌లో మార్క్ రుట్టే ప్రధానిగా ఉన్నన్నాళ్ళూ సైకిల్ మీద ఆఫీసుకెళ్ళడం మామూలు దృశ్యం. ఎవరూ ఏ పార్టీ అని అడగలేదు.

ఇంకొకావిడ, ఎవరో నాకు తెలియదు, చేను గట్టు మీంచి కేకేసింది. ఎవరమ్మాయివి, ఎప్పుడొచ్చావు, పిల్లలెంతమంది, మీ నాన్న మోకాలెలా ఉంది. అన్నీ చెప్పాక ఒక జామకాయ చేతిలో పెట్టి, “సరే పోనీయ్” అంది, నేనే ఆమెని ఆపినట్టు!

డెల్ఫ్ట్ నుంచి హేగ్‌లో నా ఆఫీసుకి పది కిలోమీటర్లు. పదహారేళ్ళలో ఆ దారిలో నన్నెవరూ ఆపలేదు. దేశంలో జనం కోటీ ఎనభై లక్షలు, సైకిళ్ళు రెండు కోట్ల పైమాటే. ఉట్రెక్ట్ స్టేషన్ కింద ఒక్కచోటే పన్నెండున్నర వేల సైకిళ్ళు పెట్టుకోవచ్చు. సైకిల్ వాళ్ళకి చెప్పులాంటిది. ఎదుటివాడి చెప్పులు ఎవరు చూస్తారు? ఎర్ర రంగు దారి, దానికి వేరే సిగ్నలు. ఆగకుండా పోవడానికే వేసిన దారి అది. రోజూ ఒకే టైముకి ఎదురయ్యే పచ్చకోటు ముసలాయన పేరు నాకిప్పటికీ తెలియదు. ఎదురుగాలి ఉన్న రోజు మాత్రం ఇద్దరం తలకాయ ఊపుకుంటాం. అక్కడ ఎదురుగాలంటే వేళాకోళం కాదు. తుఫాను గాలి వీచే రోజు చూసి, సముద్రానికి కట్టిన అడ్డుకట్ట మీద గేర్లు లేని మామూలు సైకిళ్ళతో పోటీ పెట్టుకుంటారు. బహుమతికన్నా చివరిదాకా వెళ్ళామన్నదే గొప్ప.

జామకాయ ఇచ్చినావిణ్ణి తలుచుకుని, మనదే నయమని రాసేయొచ్చు. అబద్ధమవుతుంది. మూడో రోజు నరసాపురం రోడ్డెక్కాను. రొయ్యలకి ఐసు తీసుకెళ్తున్న లారీ ఒకటి హారను కొట్టుకుంటూ నన్ను మట్టిలోకి నెట్టేసింది. ఒకప్పుడు చేలుగా ఉన్న చోట రొయ్యల చెరువులు, వాటిలో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ. రోడ్డంచు తెగిపోయి జానెడు లోతుంది. ఈ రోడ్డు మీదే మేం ఆరుగురం ఆడపిల్లలం, జంటలు జంటలుగా, హైస్కూలుకి వెళ్ళేవాళ్ళం. ప్రభుత్వం ‘బడికొస్తా’ అని పేరు పెట్టి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. మా మేనకోడలికీ వచ్చింది. మా మరదలు దాన్ని దండెం కింద పెట్టి ఆటో మాట్లాడింది. తప్పు పట్టలేకపోయాను. ఎంత ఆప్యాయత ఉన్నా లారీ ఆగదు.

నెదర్లాండ్స్ కూడా పుట్టుకతోనే సైకిల్ దేశం కాదు. యుద్ధం తర్వాత డబ్బు రాగానే వాళ్ళూ కార్లు కొని, కాలువలు కొన్ని పూడ్చి రోడ్లేసి, సైకిల్ని లేనివాడి బండిగా చూశారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా పోయారు. అందులో పిల్లలు నాలుగు వందలకు పైగా. అప్పుడు తల్లిదండ్రులు ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న పేరుతోనే ఉద్యమం నడిపారు. 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, పెద్ద రోడ్ల మీద పిల్లలు చక్రాలబూట్లతో ఆడారు. ఆ రుచి మరిచిపోలేదు. దారులు తర్వాత వేశారు, ముందు గొడవపడ్డారు. మన హైదరాబాదులోనూ అవుటర్ రింగు రోడ్డు పక్కన పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023లో తెరిచారు. తమ్ముడు చూపించాడు, బాగుంది. సైకిల్ని కారు డిక్కీలో పెట్టుకుని అక్కడిదాకా వెళ్ళాం.

లారీ దులిపిన దుమ్ముతోనే నరసాపురం రేవు చేరాను. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. పక్కనే పాలకొల్లులో డచ్చి కంపెనీ గిడ్డంగి పెట్టి బట్టలు కొనేది. డచ్చివాళ్ళని ‘ఒలందా వాళ్ళు’ అని మనవాళ్ళు పిలిచిన పిలుపు బందరులో వలందపాలెంగా ఇప్పటికీ ఉంది. నేను వాళ్ళ దేశం వెళ్ళింది కంప్యూటర్ చిప్పుల పని కోసం, వాళ్ళు మా ఊరొచ్చింది గుడ్డల కోసం. సఖినేటిపల్లి వెళ్ళే పంటు కదలబోతోంది, సైకిల్ ఎక్కించేశాను. ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్ వెనకాల కూడా సైకిళ్ళని ఇలాగే ఏరు దాటిస్తారు. దాన్ని వాళ్ళు పోంట్ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, పరాయి ఊళ్ళో ఎవరో మా ఇంటి పేరు పెట్టి పిలిచినట్టయింది. పంటు మీద మోటారు సైకిళ్ళు ఇరవై దాకా ఉన్నాయి. సైకిళ్ళు రెండే, నాదీ, కొబ్బరికాయలు కట్టుకున్న ఒక తాతదీ. తాత నా సైకిల్ హ్యాండిల్ తట్టి, “పాత అట్లాసు. మీ నాన్నదా?” అన్నాడు. ఔనన్నాను. అవతలి ఒడ్డొచ్చేదాకా ఇద్దరం వశిష్ఠ గోదావరిని చూస్తూ నిలబడ్డాం.

రోజూ ఇంటికి రాగానే అరుగు మీంచి నాన్న ఒకటే అడిగేవారు.

“లాకుల దగ్గర నీళ్ళెంతున్నాయి?”

మొదటి రోజు తెల్లమొహం వేశాను. ఎవరెవరు పలకరించారో, జామకాయ సంగతీ చెప్పబోయాను. ఆయన విన్నారు గానీ, “మరి కాలువేం చూశావు?” అన్నారు. పడవలు పోయి ఎన్నేళ్ళయినా లాకన్న పేరు పోలేదు, గోడ మీద అడుగుల గుర్తులూ పోలేదు. రెండో రోజు నుంచి చూసి వచ్చి చెప్పడం మొదలుపెట్టాను. ఐదడుగులు. మర్నాడూ ఐదే. వేలు మీద వేలు మడిచి ఏదో లెక్క కట్టుకునేవారు.

వెళ్ళిపోయే ముందురోజు సాయంత్రం వెళ్ళొచ్చి, నాలుగు అని చెప్పాను.

“నాలుగా? సరిగా చూశావా?”

“రెండుసార్లు చూశాను నాన్నా.”

“నాట్లేసిన చేలు. పైన ఎవడో తలుపు దించేశాడు.” లేచి చెప్పుల కోసం కాలు చాపి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చున్నారు. కాసేపాగి, నా వంక చూడకుండా, “ఆ పెద్ద తూము దాకా ఒకసారి వెళ్ళొస్తావా?” అన్నారు.

లోపల్నుంచి అమ్మ, సూట్‌కేసు సర్దాలే అంటోంది. చీకటి పడుతోంది. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పి చూశాను, డైనమో దీపం వెలిగింది. స్టాండు తీశాను.