బిడ్డకు ఎన్నో నెల?

ఫిట్స్ అని బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని నేను ముందు వయసే అడుగుతాను. ఎలా వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి అన్నవి ఆ తర్వాత. ఒళ్లంతా కొట్టుకోవడం, నోట్లో నురగ అందరికీ తెలిసిన మూర్ఛ. పసివాళ్లలో అది నెలనెలకూ రూపు మార్చుకుంటుంది.

ఒక ఆరు నెలల బాబును గ్యాస్ అనుకుని రెండు నెలల పాటు గ్రైప్‌ వాటర్ పట్టారు, దిష్టి తీయించారు. నిద్ర లేవగానే తల వాల్చి, చేతులు విదిల్చి, వెంటనే ఏడుపు. కొన్ని సెకన్లాగి మళ్లీ అదే. వరసగా ఇరవై, ముప్పై. "ఇదివరకు నన్ను చూసి నవ్వేవాడు సార్, ఇప్పుడు చూడనే చూడట్లేదు" అంది తల్లి. ఆ ఒక్క మాటతో నాకు భయం వేసింది. ఆమె ఫోన్‌లో తీసిన వీడియో చూశాక అనుమానం మిగల్లేదు. ఈఈజీలో గీతలన్నీ చిందరవందరగా ఉన్నాయి. పుట్టిన రెండో రోజు వాడికి షుగర్ బాగా పడిపోయిందట. మన దగ్గర ఈ జబ్బుకు తరచుగా కనబడే కారణాల్లో అదొకటి.

ఈ ఉలికిపాట్ల జబ్బును 1841లో లాన్సెట్ పత్రికకు రాసిన లేఖలో మొదట వర్ణించింది ఇంగ్లండు వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్. ఆ రోగి ఆయన సొంత కొడుకే. ఆయన చేతిలో అప్పుడు మందు లేదు. మనకు ఏసీటీహెచ్ ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్, విగాబట్రిన్ ఉన్నాయి. లేనిదల్లా సమయమే. ఉలికిపాట్లు ఆగడం ఎంత ఆలస్యమైతే బిడ్డ ఎదుగుదల అంత దెబ్బతింటుంది. ఈ బాబుకు రెండు వారాల్లో ఆగాయి, మాటలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. అలాంటి బిడ్డ ఎవరొచ్చినా బట్టలు విప్పి ఒళ్లంతా చూస్తాను. చర్మం మీద తెల్లమచ్చలుంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ కావచ్చు, అప్పుడు విగాబట్రినే ముందు.

వారం రోజుల పసికందులో ఫిట్స్ ఇలా ఉండవు. నరాలకు మైలిన్ పొర ఇంకా పూర్తిగా పట్టదు కాబట్టి ఒళ్లంతా ఒకేసారి కొట్టుకోదు. పెదాలు చప్పరిస్తుంది, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తుంది, చూపు ఒక పక్కకు నిలిచిపోతుంది. పెద్దల మెదడును అదుపు చేసే గాబా అనే రసాయనం ఆ వయసులో నాడీకణాలను రెచ్చగొట్టగలదు కూడా. గాబా మీద ఆధారపడి పనిచేసే మూర్ఛ మందు ఫినోబార్బిటాల్ కొందరు పసికందులకు సరిగా పనిచేయకపోవడానికి అదో కారణమని భావిస్తున్నారు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు జ్వరంతో వచ్చే ఫిట్స్ చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. తాళంచెవులు చేతిలో పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు. ఆ చెంచా వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి చాలు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. వీళ్లలో చాలామందికి ఆ తర్వాత మూర్ఛ రాదు. ఏడాది నిండకుండానే, ఒక పక్కకే, అరగంట సేపు, జ్వరం వచ్చినప్పుడల్లా వస్తుంటే మాత్రం డ్రావే సిండ్రోమ్ అనే మూర్ఛ జబ్బేమోనని ఆలోచిస్తాను. దానికి కార్బమజపిన్ అనే మూర్ఛ మందు ఇస్తే ఫిట్స్ పెరుగుతాయి.

బడి వయసులో మూర్ఛ రూపు మళ్లీ మారుతుంది. ఒకటో తరగతి పాప ఒకతి క్లాసులో మధ్యమధ్య ఆగి శూన్యంలోకి చూస్తోందని దెబ్బలు తినేది. కాగితం ముక్క ముందు పెట్టి ఊదుతూ ఉండమన్నాను. రెండు నిమిషాలకు ఊదడం ఆపి, కళ్లు నిలిపేసింది. పది సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ ఊదింది. టీచర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను, అది పరధ్యానం కాదు, జబ్బు, మందుతో తగ్గుతుందని.